సాయమ్మ తోట బొంగులు

వెదురు పెంచేవాళ్ళకు ఒక పిచ్చి ఉంటుంది. నాకూ ఉంది కాబట్టి చెప్పగలను. కోరుట్లలో నాది బట్టల దుకాణం. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను ఫోన్లో చూసేది చీరల డిజైన్లు కావు, ఎవరి పొదలో ఎంత లావు పిలక లేచిందో అది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మాలాంటి వాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. వానలు మొదలైతే చాలు, పుట్టిన పిల్లల ఫొటోలు పెట్టినట్టు పిలకల ఫొటోలు పెట్టుకుని మురిసిపోతాం. మా ఇళ్ళల్లో మాత్రం మమ్మల్ని ఎవరూ లెక్కచేయరు.

ఆ గ్రూపులో అందరికంటే మంచి తోట మల్లాపూర్ దగ్గరి సాయమ్మది. ఈ మాట అనడానికి నాకు కాస్త కడుపు మండుతుంది గానీ, నిజం నిజమే.

సాయమ్మ భర్త లచ్చయ్య కల్లు గీస్తాడు. వాళ్ళ పొలం చిన్న వాగులాంటి ఒర్రె పక్కన. ప్రతి వానకూ నీళ్ళు గట్టును కోసుకుపోతుంటే, ఆపడానికి సాయమ్మ వెదురు నాటింది. మొదట్లో కోతులు పిలకలన్నీ విరిచి తినేవి. వడిసెల పట్టుకుని పొద్దంతా కాపలా కాసింది. ఇప్పుడు ఆ గట్టు కదలదు. ఒక్కో బొంగు ముల్లు లేకుండా, వంపు లేకుండా, నా ముంజేయంత లావు.

అంత మంచి తోటకు ఊళ్ళో పెట్టిన పేరు పాడె తోట.

ఊళ్ళో ఎవరు పోయినా పాడెకు రెండు పచ్చి బొంగులు కావాలి. ఇదివరకు వాటికోసం కోరుట్లకో మెట్‌పల్లికో పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు సాయమ్మ గడపలోకి వస్తారు. ఆమె గొడ్డలి తీసుకుని తనే పోయి, పొద మధ్యలో ముదురువి, తిన్ననివి రెండు చూసి కొట్టి ఇస్తుంది. పైసా ముట్టదు. పిలకలు లేచే రోజుల్లో పొదలోకి దిగి నరకకూడదని మా గ్రూపులో గట్టి కట్టుబాటు. ఒకసారి నిండు శ్రావణంలో ఆమె నరికిందని తెలిసి మాధవ రావు సారు ఫోన్ చేసి నిలదీశారు. జగిత్యాల ఆయన. మామిడి తోట సగం తీసేసి వెదురు వేసిన మనిషి, మా అందరికీ పెద్దదిక్కు.

"సచ్చినోన్ని కార్తీకం దాంక ఆగుమని చెప్పాల్నా సారూ?" అంది సాయమ్మ.



ఈ మధ్య సాయమ్మ బిడ్డ అనూషకు పెళ్ళి కుదిరింది. పిల్లగాడు కరుణాకర్‌ది బోయినపల్లి, సిరిసిల్లలో మరమగ్గాల మెకానిక్కు. ఇంటి ముందు పందిరి మొత్తం తన బొంగులతోనే వేయించాలని సాయమ్మ ఆశ. కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పుకుంది. మేమంతా వచ్చి కడతామన్నాం.

ఊరు ఊరుకుంటుందా? "పాడె బొంగులతోని పెండ్లి పందిరా?" అని గుసగుసలు. తమ తండ్రులను ఆ బొంగుల మీదే మోసుకెళ్ళిన వాళ్ళ నోళ్ళే అవి. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట బోయినపల్లి దాకా పాకింది. పిల్లగాడి బాపమ్మ ఐలమ్మ తోట చూడటానికి వస్తోందని కబురొచ్చింది. ఆమె మాట కాదని ఆ ఇంట్లో పుల్ల కదలదు.

సంబంధం ఎక్కడ చెడుతుందోనని లచ్చయ్యకు అన్నం సహించలేదు. మాధవ రావు సారే ఒక దారి చెప్పారు.

"నా తోటల కొట్టుకపో సాయమ్మా. ఎవ్వలు ఏమనరు."

"మీ బొంగులు మంచియే సారూ. గని గవి పెడితే, నావి చెడ్డయని నేనే ఒప్పుకున్నట్టు గాదా? పందిరి లేకుండనన్న చేస్త, ఇంకొకలవి పాతను."

ఐలమ్మ వచ్చే రోజు నేను దుకాణం మూసి మరీ వెళ్ళాను. కరుణాకర్ చేయి పట్టుకుని కారు దిగిన ముసలమ్మ మంచినీళ్ళు కూడా తాగకుండా నేరుగా తోటలోకి నడిచింది. బొంగులను తట్టింది, తల ఎత్తి కొసదాకా చూసింది. ఆమె వెనుక మేమంతా నడిచాం.

"ఎవ్వలకన్న లేదన్నవా బిడ్డా?"

"లేదత్తా. అడిగినోళ్ళందరికి ఇచ్చిన."

"నీతోని కొట్లాడినోళ్ళకు?"

"ఆళ్ళకు సుత. మాట రావద్దని, ఆళ్ళకు ఇంక తిన్నంగున్నయి చూసిచ్చిన."

ఐలమ్మ పొదలో రెండు బొంగులను చేత్తో పట్టుకుంది.

"పందిరికి ఎన్ని గావాల్నో గన్ని కొట్టుండ్రి. గీ రెండు మాత్రం ముట్టద్దు. ఇవి నాయి."

కరుణాకర్ ఆమె చేయి పట్టి లాగాడు. "బాపమ్మా, గవేం మాటలే!"

"ఏందిరా? మీ తాత పోయిన్నాడు వంకర బొంగులు దొరికినయి. బాట పొడుగునా ఊగుకుంట పోయిండు. నేను గట్ల పోను."

లచ్చయ్య ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు. సాయమ్మ మాత్రం ఆ రెండు బొంగులనూ తీరుబడిగా పరిశీలించింది.

"ఇవి ఇంక ముదిరితే పగులుతయి అత్తా. నువ్వు గంత జల్ది పోయేతట్టు లేవు. ఏడాదికోసారి మంచి జత చూసి మారుస్త."

"మార్చుకుంట పో. ఎన్ని జతలు మారుస్తవో నేను సుత సూస్త."

పందిరి మేమే కట్టాం. సిరిసిల్ల వాళ్ళు, జగిత్యాల వాళ్ళు తాళ్ళు పట్టుకుని దిగారు. మాధవ రావు సారు కింద నిలబడి అరుస్తూనే ఉన్నారు. గుసగుసలాడిన వాళ్ళూ వచ్చారు, ఆ నీడలోనే కూర్చుని కడుపునిండా తిన్నారు. అంత పచ్చని, అంత తిన్నని పందిరి ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. గర్వంతో నా ఛాతీ పొంగింది, అందులో నా బొంగు ఒక్కటీ లేకపోయినా.

బోయినపల్లి చుట్టాల్లో ఎవరో, ఇంత మంచి బొంగులు ఎక్కడివని అడిగారు. సాయమ్మ నోరు తెరిచేలోపే కుర్చీలోంచి ఐలమ్మ గొంతు లేచింది.

"మా వియ్యపురాలి తోటయి. నాయి సుత ఆన్నే పెరుగుతున్నయి."