డ్రైవరు భార్య నడక

ఆమె క్యారియర్‌లో ఎప్పుడూ అన్నం ఉండేది కాదని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఉదయగిరిలో మా పక్కింటి బస్సు డ్రైవరు భార్య ఆమె. మద్రాసులో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని వచ్చాక, మందులు వాడుతుండగా బాగా లావెక్కింది. బరువు పెరగనివ్వొద్దని, రోజూ నడవమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అత్తగారు మాత్రం లావెక్కితే జబ్బు పోయినట్టేనని మురిసిపోయేది. "ఇప్పుడు మనిషి మాదిరి ఉండావు. ఇంకో గిన్నె మేకకాళ్ల పాయా తాగమ్మే" అని బలవంతం చేసేది. పని లేకుండా ఆడమనిషి రోడ్డు మీద నడిస్తే మా వీధిలో అందరూ ఆరా తీస్తారు. అందుకే ఆమె క్యారియర్ పట్టుకుని, భర్తకు అన్నమని చెప్పి, కొండ దాకా నడిచి వచ్చేది.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వస్తూ దారిలో కలిసినప్పుడు, సాయం చేద్దామని క్యారియర్ అందుకున్నాను. బొత్తిగా బరువు లేదు. అప్పుడే అరుగు మీద కూర్చున్న అవ్వ కేకేసింది.

"ఏందమ్మే, మీ ఆయన బస్సు ఆత్మకూరు పొయ్యి గంటయింది. అన్నం ఎవురికి?"

"ఈ పాపకి అవ్వా" అంది ఆమె, తడుముకోకుండా. నేను తల ఊపాను.

తర్వాత నాకు ఆత్మకూరులో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి అక్కడి బస్టాండులో ఆమె కనిపించింది. బుగ్గలు తగ్గి, నడుము సన్నబడింది. జబ్బు తిరగబెట్టిందేమోనని భయమేసింది. ఆమె బస్సెక్కుతూ వెనక్కి తిరిగింది.

"ఏంది బేటీ, ఆ ఏడుపు మొహం? జబ్బుతో చిక్కలా. నడిచి చిక్కినా."