పోచమ్మకు కళ్లు దిద్దిన మధ్యాహ్నం

లాబీ గోడ మీద బొమ్మ వేసిన ఆ పదమూడు రోజులూ స్రవంతి పాసు చూపించి లోపలికి పోతుంటే, గేటు దగ్గరి సెక్యూరిటీ బాలనర్సయ్య సలాం కొట్టేవాడు. వాళ్లు తండ్రీకూతుళ్లని ఆ ఐటీ కంపెనీలో ఎవరికీ తెలియదు. తెలియనివ్వొద్దని పట్టుబట్టింది ఆయనే. గేటు కాడోని బిడ్డ అని తెలిస్తే సార్లు బొమ్మను చూడరు, నిన్నే చూస్తరు అన్నాడు. ఆమె సరేనంది. అప్పట్నుంచి, ఎవరు కనిపెడతారోనని రోజూ గేటు దాటేదాకా ఆయన ముఖం చూసేది కాదు.

ఒకప్పుడు గోపన్‌పల్లిలో ఏటా బోనాలకు పోచమ్మ గుడి గోడ మీద అమ్మవారి బొమ్మ వేసింది బాలనర్సయ్యే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, గుడి గోడకు టైల్స్ అతికించాక ఆ చెయ్యి లాఠీ పట్టింది. బొమ్మల కాలేజీలో చదివిన కూతురు, లాబీ గోడ మీద ఈ నేల సంస్కృతి కావాలని కంపెనీ అడిగితే, చిన్నప్పుడు చూసిన ఆ పోచమ్మనే ఎంచుకుంది. మీ ఊరేదని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆమెకు మిగిలింది ఆ ముఖమొక్కటే.

వాళ్లింట్లో ఒక కట్టుబాటుంది. కళ్లు చివరన దిద్దాలి. అమ్మవారి ముందు ఎవరైనా మొదటి బువ్వ పెట్టేదాకా, దిద్దిన మనిషి ఆమెకు వీపు చూపించకూడదు. ఒక్క ఏడాది బాలనర్సయ్య మరిచిపోయి వెనక్కి తిరిగాడు. ఆ వారంలోనే భార్య దవాఖానలో చనిపోయింది. అప్పుడు స్రవంతికి ఎనిమిదేళ్లు.

చివరి రోజు రెండింటికల్లా కంపెనీ పెద్దలకు బొమ్మ ఫోటో పంపాలని మేనేజర్ భీమేశ్వరరావు పొద్దున్నుంచీ వెంటపడ్డాడు. ఆ తొందరలో ఆమె రెండు కళ్లూ దిద్ది నిచ్చెన దిగింది. దిగాక గుర్తొచ్చింది, బువ్వ లేదు. చదువుకున్న పిల్ల కదా, ఇవన్నీ నమ్మనని స్నేహితులతో తెగ వాదించేది. అయినా వెనక్కి తిరగలేకపోయింది. గోడకేసి చూస్తూ కొయ్యబారిపోయింది. భోజనాల వేళ, వెనక జనం వస్తూ పోతూ ఉన్నారు. తడుముకుంటూ ఫోన్ తీసి తండ్రికి జరిగింది చెప్పింది.

“వెనక్కి తిరగకు బిడ్డా. నా బువ్వ డబ్బా పట్టుకొని వస్తున్న.”

“వద్దు నాయినా, గేటు ఇడిస్తే నౌకరి పోతది.”

పోయిన నెలలో ఇద్దరిని అలాగే తీసేశారు. కానీ ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి ఉత్త కాళ్లతో నడిచొస్తున్న చప్పుడు వినిపించింది. బాలనర్సయ్య వంగి, డబ్బాలోని పెరుగన్నం గోడ కింద పెట్టాడు. అంతలోనే భీమేశ్వరరావు వచ్చి, గేటు వదిలేసి లోపలికెందుకు వచ్చావని నిలదీశాడు.

“స్రవంతిగారూ, ఈయన మీకు తెలుసాండీ?”

“మేడమ్‌కు నేను తెల్వదు సార్. తప్పు నాదే,” అన్నాడు తండ్రి.

స్రవంతి గోడ మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

“మా నాయిననండి. ఈ బొమ్మ ఈయన నేర్పిందే.”

ఇగ తిరుగు బిడ్డా అన్నాడు బాలనర్సయ్య, చిన్నగా. ఆమె తిరిగింది. భీమేశ్వరరావు సెక్యూరిటీ ఏజెన్సీకి ఫోన్ చేస్తున్నాడు. లాబీ అద్దాల్లోంచి చూస్తే గేటు దగ్గర తండ్రి చోట అప్పుడే ఇంకో గార్డు నిలబడి ఉన్నాడు. అమ్మవారి భయం తీరింది కానీ, రేపటి భయం అంతకంటే గట్టిగా పట్టుకుంది.

అయినా కుంచె తీసి తండ్రి చేతికిచ్చి, బొమ్మ కింద మూలన పేరు రాయమంది. ఏళ్లుగా లాఠీ పట్టిన చేతికి కుంచె కుదరలేదు. ఆమె ఆ చేతి మీద చెయ్యేసి పట్టుకుంది. బాలనర్సయ్య అన్న అక్షరాలు వంకరగానే పడ్డాయి.