తన ఆటను తానే కొన్న మనిషి

మా బావ తాను తయారుచేసిన కంప్యూటర్ ఆటను తానే డబ్బు పెట్టి కొనడం నేను కళ్ళారా చూశాను. మంగళవారం మధ్యాహ్నం, అక్క వాళ్ళింటి వెనక గదిలో. ఒకటి కొన్నాడు, కాసేపు తెరకేసి చూస్తూ ఉండిపోయాడు, తర్వాత వరసగా ఇంకో ఆరు కొన్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని నవ్వాను కూడా. ఆ నవ్వుకి నన్ను చెప్పుతో కొట్టాలి. ఎందుకో చెప్తాను.

ముందు మనిషి సంగతి. బావ పదకొండేళ్ళు సరుకు రవాణా ఆఫీసులో బిల్లులు సరిచూసే గుమస్తా. ముక్కుసూటి మనిషి. హోటల్లో బిల్లు తక్కువ వేస్తే వెనక్కి వెళ్ళి మరీ చెప్పే రకం. అలాంటి మనిషితో బయటికెళ్ళడం ఎంత నరకమో మాకే తెలుసు. ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్ళు కూర్చుని ఒక ఆట చేశాడు. పడవవాడి ఆట. ఆడేవాళ్ళే పడవ నడపాలి. ఎక్కిన ప్రతివాడూ ఏదో ఒక కథ చెప్తాడు, ఎవరు అబద్ధమాడుతున్నారో కనిపెట్టి అవతలి ఒడ్డున దించాలి. ఆ ప్రయాణికుల మొహాలు రెండువందల పన్నెండూ గీసింది మా అక్క. గీసీ గీసీ మణికట్టు వాచిపోతే పట్టీ కట్టుకుని గీసింది.

ఆడినవాళ్ళందరూ బాగుందన్నారు. ఆడినవాళ్ళే తక్కువ.

ఇలాంటి ఆటలు అమ్మే కొట్లు ఇంటర్నెట్లోనే ఉంటాయి. అన్నిటికంటే పెద్ద కొట్టు వందకి ముప్పై తన వాటాగా పట్టుకుంటుంది. దానికి పోటీగా వచ్చిన కొత్త కొట్టు పన్నెండు చాలంది. అయితే ఆ మిగిలింది కొనేవాళ్ళకి తగ్గిద్దాం అన్నాడు బావ. ఆయన బుద్ధే అంత. పెద్ద కొట్టులో ఆయన వ్యవహారం చూసే ఆవిడ ఫోన్ చేసి మర్యాదగానే చెప్పింది: "ఇంకెక్కడైనా మా కంటే తక్కువకి దొరికితే మా ముందు పేజీలో చోటుండదండీ." కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది వెళ్ళేది ఆ కొట్టుకే. బావ నోరు మూసుకుని రెండు చోట్లా ఇరవై డాలర్లని పెట్టాడు. దీన్నే పోటీ అంటారట.

ఇక ఆశంతా పెద్ద కొట్టువాళ్ళ వేసవి అమ్మకాల మీదే. ముందు పేజీలో పది రోజులు కనబడితే రెండో ఆట మొదలుపెట్టుకోవచ్చు. లేకపోతే మళ్ళీ పాత ఆఫీసే. వాళ్ళు నెలాఖరు దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు.

ఇప్పుడు నా ఘనకార్యం. ఆట విడుదలైన రోజు బావ నాకు పది కీలు పంపాడు. కీ అంటే పదిహేను అక్షరాల వరస. పెద్ద కొట్టులో అది కొడితే డబ్బు కట్టకుండానే ఆట మనదవుతుంది. "నీ ఫ్రెండ్స్‌కి పంచరా బామ్మర్దీ, నలుగురు ఆడితే పదిమందికి తెలుస్తుంది" అన్నాడు. మూడు పంచాను. అలాంటి కీలు కొని అమ్మే సంత ఒకటుంది ఇంటర్నెట్లో, అక్కడ అడిగేవాడు లేడు. మిగిలిన ఏడూ అక్కడ అమ్మేసి ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాను. ఎవరికి నష్టంలే అనుకున్నాను. అలా ఏడిసింది నా తెలివి.

ధరలన్నీ పోల్చి చూపించే సైటు ఒకటుంది. అందులో బావ ఆట పక్కన ఇలా పడింది: పెద్ద కొట్టులో ఇరవై, కొత్త కొట్టులో ఇరవై, సంతలో నాలుగు. మంగళవారం బావ కంటపడింది అదే. సంతలో ఏడే ఉన్నాయి కదా, కొనేస్తే ఆ ధర కనబడకుండా పోతుందనుకున్నాడు పాపం. తప్పు కనబడితే తన చేత్తోనే దిద్దెయ్యాలనే గుమస్తా బుద్ధి. ఏడు కీలూ ఒక్క పూటలో అమ్ముడుపోయేసరికి సంతవాడికి ఎక్కడలేని హుషారొచ్చింది. సరుకు లేకపోయినా ధర తియ్యకుండా, "బాగా అమ్ముడవుతోంది, త్వరలో మళ్ళీ" అని బావ ఆటను తన మొదటి పేజీకెక్కించాడు.

"మనమిచ్చిన కీలే ఎవడో వెధవ అమ్ముకున్నాడు" అంది అక్క. "దొరకాలి, వాడి పని చెప్తా." నేను ఇయర్‌ఫోన్లు తీసి జేబులో దాచుకున్నాను.

శుక్రవారం పెద్ద కొట్టు ఆవిడ ఫోన్ చేసింది. అక్క మందుల షాపుకి వెళ్ళింది, నేను అక్కడే ఉన్నాను. బావ మాటలు మాత్రమే వినబడ్డాయి. "అవునండీ, మేమిచ్చిన కీలే... ఎవరికిచ్చానో గుర్తులేదండీ... పొరపాటు నాదే... అలాగేనండీ." ఫోన్ పెట్టేసి, "ముందు పేజీలో లేదట" అన్నాడు.

ఆదివారానికి ఇక నా వల్ల కాలేదు. వెళ్ళేసరికి బావ ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అక్క గది తలుపేసుకుని పడుకుంది.

"బావా, ఆ కీలు..."

"తెలుసు."

ఏ కీ ఎవరికి పంపాడో బావ పేర్లతో సహా జాబితా రాసి పెట్టుకున్నాడట. మొదటిది కొని చూడగానే నా పేరు కనబడిందట. అక్క కూడా ఒకటి కొని ఆ జాబితాతో పోల్చి చూస్తుందేమోనని మిగతా ఆరూ కొనేశాడు, నేను పక్కన కూర్చుని నవ్వుతుంటే.

"మరి ఆవిడ అడిగినప్పుడు చెప్పలేదేం?"

"అమ్మినవాళ్ళెవరో మెయిల్లో రాసిస్తే మళ్ళీ ముందు పేజీలో పెడతామంది. మెయిళ్ళన్నీ చూసేది మీ అక్కే కదరా." చొక్కా తిరగేశాడు. "మీ అమ్మా నాన్నా పోయాక దానికి పుట్టింటి వైపు మిగిలింది నువ్వొక్కడివే. ఆటదేముంది, ఇంకోటి చేసుకోవచ్చు."

చెయ్యడని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. అక్కకి నేనే చెప్పేస్తానన్నాను.

"చెప్పి? నీ బరువు దింపి దాని నెత్తిన పెడతావా?" అన్నాడు. గొంతు మాత్రం పెంచలేదు.

అంతలో అక్క తలుపు తీసుకుని వచ్చింది. "ఎప్పుడొచ్చావురా? రేపట్నుంచి ఈయన ఆఫీసుకి వెళ్ళిపోతారు, నాకు ఇంట్లో పిచ్చెక్కుతుంది. రోజూ ఓసారి వచ్చిపోతూ ఉండు" అంది.

రోజూ వెళ్తున్నాను. ఇంతవరకూ చెప్పలేదు.