గోడ కింది గొట్టం

కంబదూరులో మా అత్తగారింట్లో బచ్చలి నీళ్లు పోయే గొట్టం పగిలిన ఎండాకాలం, నాకింకా పద్దెనిమిదేండ్లు నిండలేదు. బచ్చలి అంటే మా దిక్కు నీళ్లు పోసుకునే గది. అంట్లు తోమేదీ, బట్టలు ఉతికేదీ కూడా అక్కడే.

మా మామా, ఆయన తమ్ముడూ నేను కాపురానికి రాకముందే వేరుపడినారు. ఇంటిని రెండు చేసి వాకిట్లో అడ్డంగా రాతిగోడ కట్టినారు. బచ్చలి మా పాలికి వచ్చింది. దాని గొట్టం మాత్రం గోడ కింద దూరి, చిన్నమామ వాళ్ల వాకిట్లోంచి పోయి వీధి మోరీలో కలిసేది. కుమ్మరి చేసిన మట్టిగొట్టాలు, ఒకదాని మూతిలో ఒకటి పెట్టి పరిచినవి. నాలుగేండ్లు గోడ బరువు మోసి మోసి అవి కుంగి పగిలినాయి. పోసిన నీళ్లు పోసినట్టే వెనక్కి రావడం మొదలైంది.

బాగు చేయాలంటే అవతలి వాకిట్లో కూడా బండ ఎత్తాలి. అన్నదమ్ములకు మాటల్లేవు. వాని వాకిట్లో కాలు పెట్టేది లేదు, వాన్ని అడిగేది అంతకన్నా లేదు అని మామ తేల్చేసినాడు. మా ఆయన తండ్రి ముందర నోరెత్తే మనిషి కాదు. మా వైపు వీధి ఎత్తులో ఉంది, నేలంతా రాయి. కొత్తగా కాలువ తవ్వే దారి కూడా లేదు.

ఇక మిగిలింది నేను. పొద్దున అందరి స్నానాలూ అయినాక చెంబుతో ఆ మురికినీళ్లు తోడి బానల్లో పోసేదాన్ని. పట్టపగలు కోడలు మురికిబాన నెత్తిన పెట్టుకుని వీధిలో పోతే ఇంటి పరువు పోతుందని అత్త ఒప్పుకోలేదు. అందుకని పొద్దుగూకినాక నేను వీధి మోరీలో పారబోసి వచ్చేదాకా ఆ బానలు బచ్చలిలోనే ఉండేవి. ఇంట్లో ఉన్నంతసేపూ నేనూ వాటితోనే ఉండేదాన్ని. ఆ వాసన నా చీరల్లో, జడలో చేరింది. అన్నం కలుపుకుంటే చేతిలోంచి అదే వాసన వచ్చేది. ఆ ఏడు వానల్లేక ఊరి బావి అడుగంటింది. బిందెడు మంచినీళ్లకు ఆ బావి దగ్గరికి పోయి గంటల తరబడి కాచుకున్న చేతులతోనే, వాడేసిన నీళ్లు పగలు ఎక్కడ పోయాలో తెలియక కూర్చునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో మా నాయన నన్ను పిలుచుకుపోవడానికి వచ్చినాడు. గోరంట్ల పక్క పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చినాడు. నేను అప్పటికే రెండు చీరలు మూట కట్టి పెట్టుకున్నాను. అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి, ఇప్పుడు పిల్లను పంపితే నీళ్లు ఎత్తిపోసేవాళ్లు లేరనీ, గొట్టం బాగైనాక పంపుతామనీ చెప్పింది. నాయన లేచి వచ్చి బచ్చలి గడప దగ్గర నిలబడి లోపలికి చూసినాడు. బానలను చూసినాడు, నన్ను చూసినాడు. పెండ్లి చేసి ఇచ్చినాక అడిగే హక్కు తనకు లేదనుకున్నాడేమో, "బాగైనాక వస్తాలేమ్మా" అన్నాడు. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయినాడు. నేను మూట విప్పలేదు.

ఆ వారంలోనే మామా, మా ఆయనా ఎద్దులు కొనడానికని కళ్యాణదుర్గం సంతకు పోయినారు. అవతల చిన్నమామ కూడా సంతకే పోయినాడని గోడ మీదుగా మాటలు వినిపించినాయి. అత్తను అడగకుండానే గడ్డపార తెచ్చి గోడ మొదట్లో బండ లేపినాను. మన్ను తోడి చూస్తే పగిలిన గొట్టం పెంకు ఒకటి లోపల అడ్డం పడి ఉంది. బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టినాను. మోచేతిదాకా పోయింది. పెంకు దొరికింది. లాగే సరికి పైనున్న పగిలిన ముక్క కిందికి జారి, గాజులతో సహా నా చేతిని నొక్కి పట్టేసింది.

ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చెంప మురికి నేలకు ఆనుకుని ఉంది. అరిస్తే వీధికి వినపడుతుంది, అరవకపోతే ఎవరికీ తెలియదు. ఎంతసేపు అట్లా పడుకున్నానో చెప్పలేను. ఏడుపు కూడా రాలేదు. ఈ ఇంట్లో నేను ఉండే తీరే ఇదని, ఇప్పుడు ఒంటికి తెలిసిందని అనిపించింది.

అప్పుడు అవతల బండ కదిలిన చప్పుడైంది. గొట్టంలోంచి గొంతు వచ్చింది.

"ఎవరమ్మీ అది?"

చిన్నత్త, చిన్నమామ పెండ్లాం. నేను కాపురానికి వచ్చి రెండేండ్లయినా ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"నేను, చిన్నత్తా. చెయ్యి ఇరుక్కుండాది."

ఆమె తన వైపు నుంచి చెయ్యి పెట్టి నా వేళ్లు పట్టుకుంది. భయపడొద్దనింది. ఆ మాటలు విని అత్త వచ్చింది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కన కూలబడి గొట్టం వైపు చూస్తూ ఉండిపోయింది. వేరుపడక ముందు వాళ్లిద్దరూ పన్నెండేండ్లు ఒకే పొయ్యి మీద వండినారు.

"అక్కా, చేతి మీద ఆముదం పొయ్యి" అనింది చిన్నత్త.

అత్త ఆముదం తెచ్చి పోసింది. చెయ్యి కదల్లేదు. గొట్టం ముక్కను పగలగొడితేనే వస్తుందని చిన్నత్త చెప్పింది. కొడుకు బతికుండగా కోడలి గాజులు పగులుతాయని అత్త బెదిరింది.

"గాజులు రేపు తొడిగించుకోవచ్చక్కా. చెయ్యి యాడ తెస్తావు?"

 అత్త కొట్టమనింది. చిన్నత్త రోకలి కొసతో తన వైపు నుంచి మెల్లగా పొడిచింది. మూడో దెబ్బకు ముక్క విరిగింది. గాజులు చిట్లి మణికట్టు తెగింది. చెయ్యి బయటికి వచ్చింది. అత్త తన కొంగు చింపి కట్టింది.

చిన్నత్త ఇంట్లో కుమ్మరి గొట్టం ఒకటి వాడకుండా పడి ఉందట. పగిలిన పెంకులు ఏరేసినాక దాన్ని అవతలి నుంచి తోసింది. అత్త ఇవతల పట్టుకుని మూతికి మూతి కలిపింది. బెల్లమూ సున్నమూ కలిపి నూరి, పాతగుడ్డకు పూసి అతుకులకు చుట్టినాము. చేస్తున్నంతసేపూ వాళ్లిద్దరూ గొట్టంలోంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. పిల్లల సంగతులు, ఎవరి మోకాళ్లు నొస్తున్నాయి, ఎవరి ఆవు చచ్చిపోయింది. నాలుగేండ్ల మాటలు. అతుకు ఆరినాక చెంబెడు నీళ్లు పోస్తే బడబడా పోయినాయి. తర్వాత రెండు వైపులా బండలు మూసేసినాము. మాటలు ఆగిపోయినాయి.

సంత నుంచి వచ్చి మామ బచ్చలిలో కాళ్లు కడుక్కున్నాడు. బండ అంచున అంటిన సున్నం చూసినాడు. ఎవరు చేసినారని అడిగితే, తానే చేసినానని అత్త చెప్పింది. ఆయన మళ్లీ అడగలేదు. అవతల మాత్రం చిన్నమామ అరుపులు చాలాసేపు వినిపించినాయి. మరుసటి రోజు తాపీమేస్త్రిని పిలిపించి ఆ బండ కదలకుండా గచ్చు చేయించినాడు. అత్త రొట్టెలు తడుతూ ఆ చప్పుడు విన్నది. 

నన్ను పుట్టింటికి పంపినారు, పది రోజులని. నాలుగో రోజే మా ఆయన వచ్చినాడు. బావి నుంచి నీళ్లు తెచ్చేవాళ్లు లేరంట. నాయన బస్సు దాకా నా మూట మోసుకొచ్చినాడు.