ఎడమచేత్తో ముగ్గు వేసిన పిల్ల

నా ఎడమచేతి వాటం మాన్పించడానికి మా అమ్మ చేయని ప్రయత్నం లేదు. పలక మీద ఆ చేత్తో రాస్తే వేళ్ళ మీద స్కేలు పడేది. అలాంటి రోజుల్లో, రెండో తరగతిలో, ఒక బొమ్మల పుస్తకం దొరికింది. అందులో ఒక పిల్ల వాకిట్లో కూర్చుని దర్జాగా ఎడమచేత్తో ముగ్గు వేస్తుంటుంది. ఆ పేజీ అమ్మ ముందు పెట్టి, "మరి ఈ పిల్లనెవరూ కొట్టలేదేం?" అని అడిగాను. ఆ రోజుతో స్కేలు మూలన పడింది. పుస్తకంలో రచయిత పేరుంది కానీ బొమ్మలేసినవారి పేరు లేదు. ఆయన కూచిపూడి పక్కనే ఉన్నారని ఈ మధ్యే తెలిసింది. వెళ్ళి ఒక్కసారి థాంక్స్ చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

శనివారం ఉదయం ఏడున్నరకు పటమటలో అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడికి రెండు గంటలు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేవు, అలాగే కూర్చోవడానికి సీటూ లేదు. ఉయ్యూరు దాకా నిలబడే వెళ్ళాను. కూచిపూడిలో దిగి ఆటో మాట్లాడుకుంటే వంద రూపాయలు.

"డ్రాయింగు మాస్టారింటికాండీ? మా అమ్మాయికి ఆయనే నేర్పారు. పుస్తకాలక్కూడా బొమ్మలేశారా? ఎప్పుడూ చెప్పలేదండీ!" అని ఆశ్చర్యపోయాడు డ్రైవరు.

ఎందుకు చెప్పలేదో కాసేపట్లోనే తెలిసింది. దానియేలు మాస్టారికి డెబ్బై ఐదు దాటాయి. ఆయన భార్య మరియమ్మగారు "వందనాలమ్మా" అంటూ మజ్జిగ ఇచ్చారు. నేను పుస్తకం తీసి ముగ్గు పేజీ విప్పగానే మాస్టారు మొహం తిప్పేసుకున్నారు.

"అది మూసెయ్యమ్మా. నేను కుడిచేత్తోనే వేశాను. ప్రెస్సులో ఫిల్ము తిరగేసి పెట్టడంతో అద్దంలోలా కుడి ఎడమైపోయింది. చూడు, వెనకున్న ఆ పిల్ల తల్లి పైట కూడా కుడిభుజం మీదికెళ్ళిపోయింది. ఎంత చెప్పినా పుస్తకం వేసినవాళ్ళు వినలేదు, ఏ చెయ్యేదో తెలీనివాడికి బొమ్మలెందుకన్నారు. మళ్ళీ నాకు పుస్తకం ఇవ్వలేదు."

"మా కాపీలో ఆ పేజీని బంకపెట్టి అంటించేశారమ్మా" అన్నారు మరియమ్మగారు.

ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ పైట నా కంటబడలేదు. నేను థాంక్స్ చెప్పడానికి వచ్చింది ఆయన సిగ్గుతో దాచేసుకున్న పేజీకి! అయినా స్కేలు సంగతి, అమ్మ సంగతి అన్నీ చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "మీరు తప్పనుకుంటున్న ఆ బొమ్మే నా చేతిని నాకు మిగిల్చింది మాస్టారూ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"గీత ఎక్కడా వంకరపోలేదు. ఎడమచేత్తో కూడా బాగానే వేసిందే పిల్ల!" అన్నారు.

ఆ పిల్ల పక్కనే సంతకం పెట్టారు. మరియమ్మగారు బెండకాయ పులుసుతో అన్నం పెట్టి గానీ వదల్లేదు. నేను బయల్దేరేసరికి మాస్టారు తన కాపీ తెప్పించుకుని, అంటించిన పేజీ అంచును తడిగుడ్డతో మెల్లగా తడుపుతున్నారు.

రెండింటి బస్సులో సీటు దొరికింది. కథ రాసినవారిని తలుచుకుంటాం కానీ, చదవడం రాకముందే మనతో మాట్లాడింది బొమ్మలేసినవారు. వాళ్ళకు నేనెంత రుణపడి ఉన్నానో ఆ రోజు తెలిసింది. మీరూ అలాంటివారిని వెతకాలనుకుంటే వెనక అట్ట అడుగున ప్రెస్సు చిరునామా చూడండి, నాకు అక్కడే దారి దొరికింది. వెళ్ళేటప్పుడు మాత్రం ఫోన్‌లో ఫోటో కాదు, పుస్తకమే తీసుకెళ్ళండి. తాము వేసిన బొమ్మను వాళ్ళు చూసుకుని ఎన్నేళ్ళయిందో మనకు తెలియదు.