నల్లపెట్టెలో ప్రాసెసర్లు ఎన్ని?

మండువేసవిలో స్వెట్టరు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లే మనిషిని చూసి వీధిలోవాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, చివరికి అలవాటుపడ్డారు. ఏం చేస్తాడు పాపం, ఆయన పని అలాంటిది. పార్సిళ్లు చేరవేసే కంపెనీలో, సర్వరుండే ఏసీ గదికి ఆయనే కాపలా, ఆయనే వైద్యుడు. ఆఫీసులో అందరూ చలిగది బాబాయ్ అనేవారు.

గదిలో నిలువెత్తు నల్లపెట్టె, దాని నుదుటిన పచ్చలైట్లు, ఎదురుగా ఆయన కుర్చీ, బల్ల మీద ఒక స్క్రీను. ఏ పార్సిలు ఎక్కడుందో చెప్పేది ఆ పెట్టేనని కంపెనీ నమ్మకం. అది ఆగితే కంపెనీయే ఆగిపోతుందని బాబాయ్ భయం. అందుకే ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. పసుపుపచ్చని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. తలుపు చప్పుడు కాకుండా వేసేవాడు. దగ్గొస్తే బయటికి వెళ్లి దగ్గి వచ్చేవాడు.

"మా అమ్మ మనింటికొచ్చినప్పుడు ఇందులో సగం మర్యాద చేసుంటే ఇంకో నాలుగు రోజులుండేది" అనేది ఆయన భార్య.

అలా కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న బతుకులోకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే ఆయన్ని పిలిచింది.

"మన సర్వర్లో ప్రాసెసర్లు ఎన్నండీ?"

"నాలుగు మేడమ్. స్క్రీను మీద నాలుగూ వరసగా కనిపిస్తాయి" అన్నాడు గర్వంగా.

"పెట్టె మీద రెండని అంటించుంది కదా? మిగతా రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయి, పిల్లల్ని పెట్టాయా?"

"స్క్రీను అబద్ధం చెప్పదు మేడమ్" అన్నాడు బాబాయ్.

"స్క్రీను మాట నాకొద్దండీ. ఒక్క ప్రాసెసరే లోపల పని పంచుకుని నలుగురిలా వేషం కట్టగలదు. మీరు మూత తీసి చూడండి. చెయ్యి పెడితే తగిలేవి ఎన్నో అదే చెప్పండి. రెండుంటే గది ఉంటుంది. ఒకటే ఉంటే ఇంత చిన్నదానికి గదెందుకని, పనంతా హెడ్డాఫీసుకు లాగేసుకుంటారు."

గది పోతే నా సంగతేంటని అడగబోయి మానేశాడు. చలిగది లేకపోయాక చలిగది బాబాయ్ మాత్రం ఎక్కడుంటాడు? ఈ వయసులో స్వెట్టరు వేసుకుని మరో ఉద్యోగం వెతుక్కోవడానికి ఎవరి గుమ్మం ఎక్కాలి?

మూత తీయాలంటే పెట్టెను ఆపాలి. మధ్యాహ్నం గంటసేపు సర్వరు ఉండదని ఆఫీసంతా చాటింపు వేశారు. ఇంకేముంది, కొంప మునిగిందన్నారు. బిల్లులు రాసేవాళ్లు పాత రసీదు పుస్తకాలు దులిపి పెట్టుకున్నారు. గోడౌన్‌వాళ్లు లారీలను గేటు దగ్గరే ఆపేశారు. బాబాయ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, బటన్ నొక్కాడు. పచ్చలైట్లు ఆరిపోయాయి. ఇన్నేళ్లుగా చెవిలో ఉన్న హోరు ఒక్కసారి ఆగేసరికి ఆయనకు ఏడుపొచ్చింది.

మూత తీశాడు. లోపల పక్కపక్కనే రెండు. మళ్లీ మళ్లీ తడిమి చూశాడు. రెండే! గది నిలిచింది, ఉద్యోగం నిలిచింది. ఆ సంతోషంలో చాలాసేపటి దాకా ఆయనకు ఒక విషయం తోచలేదు. బయట ఎవరూ గగ్గోలు పెట్టడం లేదు.

తలుపు తీసి చూశాడు. బిల్లులు కొట్టేస్తున్నారు. లారీలు వెళ్లిపోతున్నాయి.

"ఏం బాబాయ్, ఇంకా ఆపలేదా?" అన్నాడు బిల్లింగ్ గుమాస్తా, "ఆపేదేదో తొందరగా ఆపు, నేను భోజనానికి వెళ్లాలి."

ఆయన వెనక్కి పరుగెత్తాడు. బల్ల దగ్గరికొచ్చి స్క్రీను చూశాడు. సర్వరు హాయిగా పలుకుతోంది, నాలుగు ప్రాసెసర్లున్నాయనే అంటోంది. అప్పుడు, ఎన్నడూ అడగని ప్రశ్న టైపు చేసి అడిగాడు: అసలు నువ్వెక్కడున్నావ్? ఈ పెట్టెలో కాదు, మరో మెషీన్‌లో ఒక ప్రోగ్రాముగా అద్దెకున్నానని అది దాచకుండా చెప్పింది. ఆ నాలుగూ ఇంటివాడు, అంటే ఆ మెషీన్, ఇచ్చిన లెక్కేనట. బాబాయ్ స్క్రీను వెనక వైరు పట్టుకుని గోడ వెంబడే నడిచాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వైరు వెళ్లి వెళ్లి రిసెప్షన్ బల్ల కిందికి దూరింది. అక్కడొక చిన్న పెట్టె ఉంది. దాని మీద రిసెప్షన్ అమ్మాయి కాళ్లున్నాయి.

"ఇదా? మీ ముందాయన పెట్టి వెళ్లారు బాబాయ్. అప్పుడు మీ గదిలో ఏసీ పాడైందిలే. నాలుగు రోజులుంచమ్మా, మళ్లీ లోపలికి మార్చేస్తానన్నారు. ఆ వారమే మానేశారు."

ఏసీ బాగుచేశారు. కొత్తమనిషిని పెట్టారు. పని తిరిగి లోపలికి మార్చాలని మాత్రం ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లూ కంపెనీని మోసింది చెప్పుల కింద నలిగిన ఆ చిన్నపెట్టె, దాని మీది చీటీ చెప్పిన ఒకే ఒక్క ప్రాసెసరు. బాబాయ్ చలికి వణుకుతూ కాపలా కాసింది ఒట్టి లైట్లకు.

చెప్పకపోయినా అడిగేవాడు లేడు. అయినా వెళ్లి చెప్పాడు.

"పని చేసేది ఒకటి మేడమ్. పని చెయ్యనివి రెండు."

మేనేజరమ్మ అంతా విని, లేచి తలుపు వేసి వచ్చింది. "ఇది బయటికొస్తే ఇన్నేళ్లు ఏసీ ఎవరికి వేశారని నన్నే అడుగుతారు. నేనేం చూడమన్నాను? మూత తీస్తే తగిలేవి చూడమన్నాను. ఎన్ని తగిలాయి?"

"రెండు."

"రెండే రాస్తాను. పెట్టె లైట్లు వేసెయ్యండి."

ఉద్యోగం నిలబడింది. ఎవరైనా ఎగిరి గంతెయ్యాలి. బాబాయ్‌కి మాత్రం నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టుంది. ఇంట్లో "ఎన్ని తేలాయి?" అని భార్య అడిగితే, "ఆ పెట్టె కోసం మీ అమ్మను చిన్నబుచ్చి ఉండకూడదు" అన్నాడు. ఆమెకేమీ అర్థం కాలేదు.

మర్నాడు స్వెట్టరు కుర్చీకి తగిలించి, పసుపుపచ్చ గుడ్డ తీసుకుని రిసెప్షన్‌కి వెళ్లాడు.

"అమ్మా, కాళ్లు కాస్త పక్కకు పెట్టుకుంటావా?"

ఆ అమ్మాయి కుర్చీ జరిపింది. ఆయన మోకాళ్ల మీద వంగి, బల్ల కిందికి దూరి, ఆ చిన్నపెట్టెను తుడవడం మొదలుపెట్టాడు. ఏళ్లనాటి దుమ్ము లేచి గొంతులోకి పోయింది. దగ్గు తన్నుకొచ్చింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గబగబా లేచి, వీధిలోకి వెళ్లి దగ్గి వచ్చాడు.