ఊరికే ఇచ్చిన రక్తం

మా చెల్లి ఒంట్లో రక్తం నిలిచేది కాదు. తలసీమియా అన్నారు కాకినాడ డాక్టరుగారు. నెలనెలా ఎవరిదో ఒకరి రక్తం ఎక్కిస్తే పిల్ల లేచి తిరుగుతుంది, లేకపోతే మంచమే. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ మూడు నెలలదాకా ఇవ్వకూడదట. "మీకు బోలెడుమంది చుట్టాలు కదండీ, ఊరికే వస్తుంది" అన్నారాయన. పాపం, ఆయనది కోనసీమ కాదు.

మాది మురమళ్ళ దగ్గర పల్లె. నాన్న బడిపంతులు, ఆదివారాలు చర్చిలో ముందు నిలబడి ప్రార్థన చేయించే మనిషి. ఆస్తల్లా పెరట్లో ఎనిమిది కొబ్బరిచెట్లు, అమ్మ పెంచుకునే కోళ్ళు.

మొదట రక్తం ఇచ్చింది మా మేనమామ. ఇచ్చేది ఆయనొక్కడే. కానీ ఆయనకి తోడు అత్తయ్య, అత్తయ్యకి తోడు ఆవిడ తమ్ముడు, కాకినాడ ఎప్పుడూ చూడలేదని వాళ్ళ పిల్లలిద్దరూ బయల్దేరారు. అందరికీ బస్సు టిక్కెట్లు, రేవులో గోదారి దాటించే పంటు టిక్కెట్లు, మళ్ళీ బస్సు టిక్కెట్లు నాన్నవే. రక్తం తీయడానికి పట్టింది అరగంట. అంతదూరం వెళ్ళి ఊరికే రాలేరు గనక మ్యాట్నీ చూశారు. కాజాలు కట్టించుకున్నారు. తిరుగుదారిలో యానాం రాగానే మామయ్య నీరసంగా నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"రక్తం పోయింది కదండీ బావగారూ, మళ్ళీ పట్టాలంటే కొంచెం బ్రాందీ పడాలంటున్నారండీ."

మందు ముట్టడం పాపమని పదేళ్ళుగా ఊరందరికీ చెబుతున్న మా నాన్న, ఎండా వానా లేనిరోజున గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని యానాం కొట్టు ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి నెలా నిలబడ్డాడు. కొట్టువాడు ఆయన్ని చూడగానే "ఆయ్, రండి మాస్టారూ" అనేవాడట.

ఇంటికొచ్చాక కోడి. రక్తం ఇచ్చిన మనిషిని పప్పన్నంతో పంపితే ఊళ్ళో తలెత్తుకోలేమని అమ్మ. వెళ్ళేటప్పుడు పంచె, జాకెట్టుముక్క. మామయ్య తర్వాత పెదనాన్న, బాబాయి, వాళ్ళ వెనకాల వాళ్ళ బలగం. అందరికీ ఉల్లిపాయలు తరిగింది నేను. ఏడుస్తూ తరిగేదాన్ని, ఆ ఏడుపులో సగం కోపమే. చెల్లికి ఆ కోళ్ళంటే ప్రాణం. కాకినాడ నుంచి రాగానే, చేతికి దూదిముక్క అలాగే ఉండగా, "ఈసారి ఏదమ్మా?" అని అడిగేది. చెప్పగానే గోడవైపు తిరిగి పడుకునేది.

నాన్న జీతం మీద అప్పు తీశాడు. రాబోయే రెండు దింపుల్లో చెట్ల నుంచి కోసే కాయకి కొబ్బరి వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకున్నాడు. ఓరోజు లెక్క చూసుకుని గట్టిగా అరిచాడు. "చుట్టాల రక్తం మనం భరించలేమే! కొనుక్కుందాం, చవకలో పోతుంది."

కాకినాడలో ఆసుపత్రి పక్క టీకొట్టు దగ్గర ఒక రిక్షా ఆయన దొరికాడు. గ్రూపు కలిసింది, బేరం కుదిరింది. రక్తం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తోడెవరూ లేరు, సినిమా లేదు, యానాం లేదు. నాన్న సంతోషంగా జేబులో చెయ్యిపెట్టి డబ్బు తీస్తూ, పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు కొద్దీ నోరు జారాడు.

"భోంచేసేరాండీ?"

చెయ్యలేదట. ఇంకేముంది, హోటల్లో పక్కన కూర్చోబెట్టుకుని, వద్దంటున్నా మారు వడ్డించమని చెప్పి తినిపించాడు. చెయ్యి కడుక్కొచ్చాక ఆయన డబ్బు ముట్టనన్నాడు.

"పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేరు. ఇంకా డబ్బులు కూడానేటండీ? మీ పాపంటే మా పాపేనండీ."

"బాబ్బాబు, తీసుకోండి. మీకు దణ్ణం పెడతాను" అని నాన్న నడిరోడ్డు మీద బతిమాలాడు. వినలేదు. మూడు నెలలకి పెళ్ళాం పిల్లల్తో సహా పంటు ఎక్కి మా ఇంటికే వచ్చేశాడు, పాపని వెంటబెట్టుకుని కాకినాడ వెళ్ళి రక్తం ఇవ్వడానికి. అమ్మ కోడిని పట్టుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

చెల్లి పదకొండో ఏట, ముసురు రోజుల్లో పోయింది. అప్పటికి ఎంత ఎక్కించినా ఒంట్లో రక్తం నిలవడం మానేసింది.

చర్చివాళ్ళొచ్చి ఓదార్పు ప్రార్థన చేసే ఆదరణ కూడిక రోజు చుట్టాలందరూ వస్తారని నేను అలవాటుగా ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చున్నాను. అత్తయ్య వచ్చి బుట్ట పక్కకి లాగేసింది. అన్నం, కూరలు వాళ్ళే వండి మోసుకొచ్చారు. రక్తం ఇచ్చినవాళ్ళందరూ వచ్చారు. కాకినాడ నుంచి రిక్షా ఆయన క్యారేజీ పట్టుకుని వచ్చాడు. రెండు రోజులుగా ఏమీ ముట్టకుండా అరుగు మీద కూర్చున్న నాన్న పక్కన కూర్చుని, ఆకు పరిచాడు.

"భోంచేసేరాండీ మాస్టారూ?"

మర్యాదకి అయిందని చెబుదామని నాన్న నోరు తెరిచాడు. ఆయన కలిపి చేతిలో పెట్టిన ముద్ద తిన్నాడు. అది చూసి నాకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

పెరట్లో చెల్లి కోళ్ళు తిరుగుతున్నాయి. ఆ నెల ఒక్కదాన్నీ కొయ్యలేదు.